ఆరో ముక్కలో గేదె

నా గేదె నా నోట నడిస్తే అది కథ. ముక్కూ మొహం తెలియని కుర్రాడి నోట, వాళ్ళ తాత గేదెగా నడిస్తే దాన్ని ఏమనాలో ఆ రోజు నాకు తోచలేదు. మేడ మీద తడి తువ్వాలు ఆరేస్తున్నాను. నీళ్ళ ట్యాంకు అవతల ఎవరో గొంతు సవరించుకుని, గాలికి గుడ్ మార్నింగ్ చెప్పి, "మా తాతగారు చిన్నతనంలోనే ఒక ఊరిని వరద నుంచి కాపాడారు సర్, ఒక ఒంటికొమ్ము గేదె సాయంతో" అన్నాడు. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

ముందు గేదె సంగతి చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. నేను బళ్ళో చదివే రోజుల్లో మా హెడ్మాస్టారికి ఒక గేదె ఉండేది. దానికి ఎడమ కొమ్ము లేదు. పిడుగు పడి విరిగిందిట. పిడుగుకి కూడా దెబ్బ తగిలిందనీ, ఆ తర్వాత మూడేళ్ళు అది మా ఊరి వైపు రాలేదనీ చెప్పుకునేవాళ్ళు. పాలల్లో నీళ్ళు కలుపుతారని ఊరందరికీ అనుమానం గనక, మాస్టారు గేదెనే గుమ్మం గుమ్మానికీ తోలుకెళ్ళి, అందరూ చూస్తుండగా పితికి పోసేవాడు. దానితో గేదెకి ఒక అలవాటు పడింది. గుమ్మం కనిపిస్తే ఆగిపోతుంది, లోపల్నుంచి ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేదాకా అంగుళం కదలదు. ఒక రాత్రి ఏరు పొంగినప్పుడు గట్టు కాపలావాడు గుర్రుపెట్టి నిద్రపోతుంటే, నేను బడిగంట విప్పి ఆ గేదె మెడకి కట్టి వదిలాను. అది ప్రతి గుమ్మం ముందూ ఆగింది, తల ఊపింది. ఇంకా తెల్లారకుండా పాలేమిటని విసుక్కుంటూ జనం గిన్నెలతో బయటికి వచ్చారు, పాదాల కింద నీళ్ళు చూశారు. ఊరు ఊరంతా గట్టెక్కింది, గిన్నెలతో సహా. నమ్మితే నమ్మండి, లేకపోతే మా మనవరాలిలాగా ప్రశ్నలు వేసుకోండి.

మనవరాలిని ఇంట్లో ఎందుకమ్మ అంటాం. మాటలు వచ్చిన రోజు నుంచీ దాని నోట్లో ఆ ఒక్క ముక్కే. ఎందుకు, ఎప్పుడు, నువ్వు చూశావా. గేదె కథ దానికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ పోలీసు ఇన్‌స్పెక్టరులా కూర్చుని వినేది. అది పెరిగి పెద్దదై సివిల్ సర్వీసు పరీక్ష రాసింది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ రాయడానికి ఉండదు. అందుకని ఇంటర్వ్యూ కోచింగు కోసం ఈ వీధిలో ఒక గది తీసుకుంది. వాళ్ళమ్మకీ నాన్నకీ ఉద్యోగాలు. ఇంట్లో ఖాళీగా ఉన్నదీ, వంట వచ్చినదీ నేనొక్కణ్ణే గనక తోడుగా నన్ను పంపారు.

ఈ వీధిలో చదువుని ముక్కలు చేసి అమ్ముతారు. దానికి మాడ్యూలు అని పేరు. చరిత్ర ఒక ముక్క, రాజ్యాంగం ఒక ముక్క, వ్యాసం ఒక ముక్క. ఎవరికి ఏ ముక్క తక్కువైతే అది కొనుక్కోవచ్చు. ఒక ముక్క చెప్పే మాస్టారికి పక్క ముక్కలో ఏముందో పట్టదు. చరిత్ర మాస్టారిని ఫలానా నది ఎటు పారుతుందని అడిగితే భూగోళం గది ఎటుందో చూపిస్తాడు. మా ఎందుకమ్మ కొన్నది ఆరో ముక్క, ఇంటర్వ్యూది. అది చెప్పే ఆయన్ని అందరూ చిరునవ్వు మాస్టారు అంటారు. పళ్ళు కనిపించకుండా, అలాగని మూతి ముడుచుకున్నట్టూ ఉండకుండా ఎంత నవ్వాలో అద్దం ముందు నిలబెట్టి నేర్పిస్తాడు. మా గదిలో అద్దం ముందు రోజూ అదే పని. నేను వెనక నిలబడి నవ్వితే, నీది డెబ్బై శాతం దాటింది తాతా, ఇంటర్వ్యూ బోర్డు ఒప్పుకోదు అనేది.

ఇంకొక్క సంగతి గుర్తుంచుకోండి. పరీక్ష దరఖాస్తులో మీ హాబీ ఏమిటని అడుగుతారు. అందరూ పుస్తకాలు చదవడం, తోటపని అని రాస్తే మా పిల్ల 'మా తాతయ్య చెప్పే ఒంటికొమ్ము గేదె కథ ఎన్ని రకాలుగా మారుతుందో గమనించడం' అని రాసింది. ఆ కాగితం ఎప్పుడో బోర్డుకి చేరిపోయింది, ఇక మార్చడానికి వీల్లేదు. బోర్డు ముందు కూర్చోగానే వాళ్ళు అడిగేది గేదె గురించే. ఆ గేదె ఇప్పుడు ట్యాంకు అవతల ఇంకొకడి తాతతో తిరుగుతోంది.

ట్యాంకు చుట్టూ తిరిగి చూశాను. పై అంతస్తులో ఉండే కుర్రాడు, మనిషి నిచ్చెనంత పొడుగు. నన్ను చూడగానే నోరు మూసుకుని ఆకాశంలో కాకులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. నాకు వచ్చిన మొదటి అనుమానం మీకు వచ్చినదే. ఆ కథ ఈ ఊళ్ళో తెలిసినది ఇద్దరికే, నాకూ మా పిల్లకీ. అంటే నా వెనక ఈ ఇద్దరి మధ్యా ఏదో నడుస్తోంది. గేదె వెళ్ళిందంటే ఇంకా చాలా వెళ్ళి ఉండాలి.

అన్నం తినేటప్పుడు పక్కదారిలో వచ్చాను. ట్యాంకు దగ్గర గాలి బాగా వీస్తుందిట కదా అన్నాను. ఎవరు చెప్పారని అడిగింది. ఎవరో పొడుగాటి మనిషి అన్నాను. ముద్ద ఆపి నా మొహంలోకి చూసింది. ఆ మనిషితో నీకేం పని, ఏం కథలు చెప్పావు అంది. అనుమానించేది నేను కదా, సంజాయిషీ కూడా నేనే ఇవ్వాల్సి వచ్చింది. ఆ పూట నుంచి అది నన్నూ, నేను దాన్నీ ఒక కంట కనిపెడుతూనే ఉన్నాం.

నిచ్చెనబాబు మీద పెంచుకున్న అనుమానమంతా ఇస్త్రీ కొట్టు దగ్గర తుస్సుమంది. చొక్కా కోసం నిలబడి ఉంటే, పక్కన ఒక కళ్ళజోడు అమ్మాయి ఫోన్లో వాళ్ళ వాళ్ళకి వినిపిస్తోంది. వాళ్ళ తాతగారు, వరద, గంట, ఒంటికొమ్ము గేదె. ఎల్లుండే నా ఇంటర్వ్యూ, ఇంకోసారి చెప్తా వినండి అంటోంది. మా పిల్ల ఒకడితో స్నేహం చేసిందంటే నమ్మొచ్చు. వీధి వీధంతటితో చేసిందంటే నమ్మలేను. దొంగ ఇంకెక్కడో ఉన్నాడు.

దొంగ దగ్గరికి దారి తనంతట తానే వచ్చింది. కోచింగు సెంటరు మెట్ల దగ్గర చిరునవ్వు మాస్టారు నన్ను ఆపి, నా మీసాల్ని ఎగాదిగా చూసి, రిటైరైన ఆఫీసరులా ఉన్నారు అన్నాడు. ఎవరి తాతనని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. సంగతేమిటంటే, అసలు బోర్డులో తల నెరిసినవాళ్ళు కూర్చుంటారు. పిల్లలకి ఆ తెల్లజుట్టు చూడగానే నాలుక ఎండిపోకుండా ముందే అలవాటు చేయాలి. అందుకని ఉత్తుత్తి ఇంటర్వ్యూలకి వీధిలో ఉన్న ముసలివాళ్ళని పోగుచేసి, కోటు తొడిగి కూర్చోబెడతారు. ఏం అడగాలని అడిగితే, ఏదీ అడగకపోయినా ఫర్వాలేదు, నమ్మనట్టు చూస్తే చాలు అన్నాడు. ఆ పని నాకు ఉగ్గుపాలతో వచ్చింది.

కోటు అంతకుముందు ఎవరిదో తెలియదు, చంకల్లో పట్టేసింది. అయినా మీసం వల్ల నన్ను మధ్య కుర్చీలో, ఛైర్మను స్థానంలో కూర్చోబెట్టారు. ఒక పక్క చిరునవ్వు మాస్టారు, ఇంకో పక్క రిటైరైన బ్యాంకు క్యాషియరు. ఆయన కళ్ళు తెరిచి నిద్రపోగలడు.

మొదట నిచ్చెనబాబు వచ్చాడు. మీకు స్ఫూర్తి ఎవరని మాస్టారు అడిగాడు. తాతగారన్నాడు, గేదెని తోలుకొచ్చాడు. నేను ముందుకి వంగి, ఏ వైపు కొమ్ము లేదని అడిగాను. ఎడమ వైపన్నాడు. ఆయన ఎప్పుడు చెప్పినా ఎడమ వైపే అనేవారా అన్నాను. అతనికి చెమట పట్టింది. తర్వాత వచ్చినవాడి తాతకీ అదే గేదె, ఎడమ కొమ్మే. ఆ తర్వాత వచ్చినమ్మాయి తాతకీ అంతే. ముగ్గురూ ఒకేచోట ఊపిరి పీల్చుకుంటున్నారు. గేదె గుమ్మం ముందు ఎందుకు ఆగిందని అడిగితే మాత్రం ముగ్గురూ నీళ్ళు నమిలారు. దైవికం అన్నాడొకడు.

టీ విరామంలో మాస్టారిని మెల్లగా కదిపాను. ముగ్గురికీ ఒకే తాత ఎలా వచ్చాడండీ అన్నాను. ఆయన ఏమీ దాచుకోలేదు, పైగా గర్వంగా చెప్పాడు. మొదటి వారంలో అందరినీ మాట్లాడించి వీడియో తీస్తారట. ఉదయం బ్యాచిలో ఒకమ్మాయి చెప్పింది బ్రహ్మాండంగా ఉందట. దాన్ని కాగితం మీద ఎక్కించి, 'కుటుంబ సంఘటన, నమూనా జవాబు' అని పేరు పెట్టి సాయంత్రం బ్యాచికి పంచాడట. ఇంట్లో చెప్పుకోదగ్గ సంఘటన లేని పిల్లలు ఏమైపోవాలి చెప్పండి అని నన్నే అడిగాడు.

"కాకపోతే ఆ అమ్మాయి చాలా పొడుగ్గా చెప్పింది తాతగారూ. మొదట్లో వాళ్ళ తాత అబద్ధాలు చెప్తాడని ఏదో గోల, చివర కూడా అదే గోల. పెద్దల్ని అనుమానిస్తే బోర్డుకి నచ్చదు. తలా తోకా తీసేసి మధ్య ముక్క ఉంచాను."

నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. వ్యాసం తెచ్చిచ్చినా ముక్కలు చేస్తాడు, వాచీ తెచ్చిచ్చినా చేస్తాడు. ఆ వీధి పద్ధతే అది. మా పిల్ల చెప్పినది అబద్ధాన్ని పట్టుకున్న కథ. పట్టుకోవడం తీసేస్తే మిగిలేది అబద్ధమే. ఆ అబద్ధాన్ని ఈ పిల్లలంతా నిజమంటూ బోర్డు ముందుకి మోసుకెళ్తున్నారు. కళ్ళజోడు అమ్మాయి అప్పటికే మోసేసి వచ్చింది. ఇక మా ఎందుకమ్మ వెళ్ళి కూర్చుంటే, ఓహో నువ్వు కూడానా అంటారు. దరఖాస్తులో రాసి మరీ దొరికిపోయినట్టవుతుంది. ముందు ఇంటికి పోయి దానికి చెప్పాలని కోటు గుండీలు విప్పుతున్నాను. మాస్టారు ఆపాడు. ఉదయం బ్యాచిది ఒకటి మిగిలింది, కానిచ్చేద్దాం అన్నాడు.

తలుపు తీసుకుని వచ్చినది మా ఎందుకమ్మే.

దాని చేతిలో ఆ నమూనా జవాబు కాగితం ఉంది. బయట వేచి ఉన్నప్పుడు నిచ్చెనబాబు దగ్గర చూసి తీసుకుందని తర్వాత తెలిసింది. కాగితం చూసింది, కోటులో నన్ను చూసింది, మళ్ళీ కాగితం చూసింది. దాని బుర్రలో లెక్క తేలిపోవడం నాకు ఎదురుగా కనిపించింది. తను బ్యాచిలో చెప్పిన అనుమానం కాగితంలో లేదు, అంటే అది తన నోట వెళ్ళినది కాదు. కథ తెలిసినవాళ్ళు ఇద్దరే. రెండోవాడు ఇక్కడ కోటు తొడుక్కుని కూర్చున్నాడు. మాస్టారు నేర్పిన చిరునవ్వు కొలత తప్పకుండా పెట్టుకుని కూర్చుంది.

మాస్టారి ముందు సంబంధం బయటపడితే రభస అవుతుంది. ఛైర్మను గొంతు తెచ్చుకుని, మీ హాబీ విచిత్రంగా ఉందే అన్నాను.

"మా తాతయ్య చెప్పే కథ పూటకోరకంగా ఎలా మారుతుందో గమనిస్తాను సర్." ఆ సర్ అన్నది పంటి కింద రాయిలా తగిలింది.

"ఆ కథ మేం ఇందాకటి నుంచీ వింటూనే ఉన్నాం. మళ్ళీ మీ దగ్గర ఎందుకు వినాలి?"

"వినక్కర్లేదు సర్. మీకు కంఠతా వచ్చినట్టే ఉంది."

క్యాషియరు నిద్రలేచాడు.

"అంటే మిగతావాళ్ళు మీ దగ్గర తీసుకున్నారంటారా?"

"కథ మా తాతయ్యది సర్. ఆయనే ఇచ్చి ఉండొచ్చు. కోటు తొడిగి, మధ్య కుర్చీలో కూర్చోబెడితే ఇంకో రెండు కథలు కూడా కలిపి ఇస్తాడు."

కోటు చంకల్లో మరికాస్త బిగిసింది. బోర్డు గొంతుతోనే అడగాలనుకున్నాను గానీ ఇంట్లో గొంతు వచ్చేసింది. "మీ తాత మీద నీకు బొత్తిగా నమ్మకం లేదా?"

కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ముఖం మీది చిరునవ్వు జారిపోయింది. నన్ను కాదు, గోడని చూస్తూ మాట్లాడింది.

"ఆయన్ని నమ్మి ఉంటే నాకు ప్రశ్న వేయడం వచ్చేది కాదు సర్. చిన్నప్పుడు ఏ వైపు కొమ్ము లేదని అడిగితే ఎడమ అన్నాడు. తర్వాత అడిగితే కుడి అన్నాడు. ఏరు ఒకసారి మోకాలి లోతు, ఒకసారి మెడ లోతు. కానీ గేదె గుమ్మం ముందు ఎందుకు ఆగిందంటే మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. పాలల్లో నీళ్ళు కలుపుతారని ఊరికి అనుమానం, అందుకని గుమ్మంలోనే పితికేవాళ్ళు అని. అది ఎన్నిసార్లు అడిగినా మారలేదు. రేపు నా ముందుకి ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా అలాగే వింటాను. మారేదేదో, మారనిదేదో చూస్తాను. ఊరు బతికింది గేదె గొప్పతనం వల్ల కాదు సర్. ఊరికున్న అనుమానం వల్ల."

నా కథ నేను ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, అందులో ఆ సంగతి ఉందని నాకే తెలియదు. ఛైర్మనునన్న సంగతి మర్చిపోయాను.

"అక్కడ ఇదే చెప్పవే" అన్నాను.

మాస్టారు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత జరిగిన గలాటా రాయను. తల తీసేసినది ఎవరి కథదో, మధ్య కుర్చీలో కూర్చున్నది ఎవరో ఆయనకి తెలిశాక చిరునవ్వు కాసేపు దొరకలేదు. కాగితాలు వెనక్కి తీసుకోమని మా పిల్ల అడిగింది. జనంలోకి వెళ్ళిపోయాయమ్మా, తీసుకున్నా బుర్రల్లోంచి ఎలా తీస్తాను అన్నాడు. అందులో మటుకు నిజం ఉంది.

ఇంటికి వచ్చాక నన్ను కూర్చోబెట్టి జరిగినదంతా అడిగింది. మళ్ళీ వంట చేస్తుంటే అడిగింది. పడుకునే ముందు ఇంకోసారి. మూడుసార్లూ మాట మారలేదు గనక నమ్మిందనుకున్నాను. లేదు, నిచ్చెనబాబు దగ్గరికి పోయి కాగితం ఎవరిచ్చారో రూఢి చేసుకుని, అప్పుడు నమ్మింది. నా మీద అనుమానపడ్డందుకు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అది నేర్పినది ఎవరు మరి.

నిచ్చెనబాబు మర్నాడు ట్యాంకు దగ్గర నన్ను పట్టుకున్నాడు. అతని ఇంటర్వ్యూ, మా పిల్లది ఒకే రోజు. మీ అసలు తాత ఏం చేసేవాడయ్యా అని అడిగాను. గొడుగులు బాగుచేసేవాడట. వానాకాలం పనితో మాట్లాడే తీరిక లేదు, ఎండాకాలం పస్తులతో మాట్లాడే ఓపిక లేదు, ఆయన గొంతు ఎలా ఉంటుందో సరిగ్గా గుర్తే లేదన్నాడు. ఇది చెప్పు, బోర్డు కుర్చీలోంచి కదలదు అన్నాను. అతను నన్ను అనుమానంగా చూశాడు. మనవరాలికి దారి ఖాళీ చేయిస్తున్నాననుకున్నాడు. అతని తప్పు కాదు, నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

ఇంటర్వ్యూ రోజు నేను గేటు బయట నిలబడ్డాను. మా పిల్ల బయటికి వచ్చి, నీళ్ళు తాగి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, నడుద్దాం పద అంది. దారిలో నేను తవ్వితే కాస్త కాస్త చెప్పింది. ఛైర్మను ఒకావిడట. దరఖాస్తు చూడగానే పక్కన పెట్టేసి, ఈ గేదె ఈ వారంలో ఇంతకుముందే వచ్చింది, వేరే తాతతో వచ్చింది అందట. మా పిల్ల తలా తోకా కలిపి మొత్తం చెప్పిందట. మరి ఇందులో నిజమేదని ఆవిడ అడిగితే, "అనుమానం నిజం మేడమ్. కొమ్ము సంగతంటే మా తాతయ్య గేటు దగ్గరే ఉన్నాడు, ఇవాళ ఏ వైపంటాడో నాకూ తెలుసుకోవాలని ఉంది" అందట. దానికి బోర్డులో ఒకాయన పడీ పడీ నవ్వాడట.

వినడానికి బాగుంది. అందుకే నాకు అనుమానం వచ్చింది. గేటు దగ్గర నేను అంతసేపు నిలబడ్డాను కదా, ఎవరూ వచ్చి ఏ కొమ్మని అడగలేదే. ముసలివాడు దిగులుపడతాడని ఇది అల్లుతోందేమో. నవ్వినాయన ఏ వైపు కూర్చున్నాడని అడిగాను. ఆవిడకి ఎడమ పక్కన అంది. రెండు రోజులు ఆగి, ఉల్లిపాయలు తరుగుతూ యథాలాపంగా మళ్ళీ అడిగాను. కుడి పక్కన అంది. కత్తి ఆపి చూశాను. డెబ్బై శాతం దాటిన నవ్వు నవ్వుతోంది.

ఫలితాలు వచ్చేదాకా ఇక దాని నోట ఒకే మాట రెండుసార్లు వినలేదు. ఒకసారి ఛైర్మను లేచి నిలబడి చెయ్యి కలిపింది, ఒకసారి మొహం మాడ్చుకుని పంపేసింది. పూటకోరకం. నేను తిండి సరిగ్గా తినలేకపోయాను. ఇన్నేళ్ళూ అది నా దగ్గర ఏం పాట్లు పడిందో నాకు అప్పుడు తెలిసింది.

దాని నంబరు వచ్చింది. నిచ్చెనబాబుది కూడా వచ్చింది, బాగా కింద. గొడుగులే చెప్పాడో గేదెనే చెప్పాడో అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అతనికీ నామీద నమ్మకం కుదరలేదు.

గది ఖాళీ చేసే రోజు తువ్వాలు తీసుకురావడానికి మేడ మీదకి వెళ్ళాను. వీధిలో చిరునవ్వు మాస్టారు మా పిల్ల ఫోటోతో ఇంత పెద్ద బ్యానరు కట్టించి ఉన్నాడు. ట్యాంకు అవతల ఎవరో కొత్తమ్మాయి గొంతు సవరించుకుంటోంది. "మా తాతయ్య అబద్ధాలు బాగా చెప్తాడు సర్. ఆయన్ని నమ్మి ఉంటే నాకు ప్రశ్న వేయడం వచ్చేది కాదు. చిన్నప్పుడు ఏ వైపు కొమ్ము లేదని అడిగితే ఎడమ అన్నాడు..." అంటూ మొదలెట్టింది. కొత్త నమూనా అన్నమాట. తువ్వాలు భుజాన వేసుకుని, ఈసారైనా తోక ఉంచాడో లేదో చూద్దామని చివరిదాకా విన్నాను. ఉంచాడు. పాలూ, గుమ్మం, ఊరి అనుమానం, అన్నీ ఉన్నాయి.

దిగిపోతూ, ట్యాంకు ఇవతల నుంచే చిన్న మాట దిద్దాను. మొదట చెప్పినది ఎడమ కాదమ్మా, కుడి అన్నాను.

అవతల నుంచి సన్నగా అడిగింది, మీరు చూశారా అని.